మెడ మీది నలుపు

అక్కా,

కులాసాగా ఉన్నానని రాసి ఊరుకుందామనుకున్నాను గానీ, నీ దగ్గర దాచలేను.

రోగుల రక్తంతో పోల్చి చూడటానికి మా ల్యాబులో ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలి. మనుషులు దొరక్కపోతే మేమే చెయ్యి చాపుతాం. సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. నిన్న ఒకదాంట్లో ఇన్సులిన్ మరీ ఎక్కువగా ఉంటే, "ఈ రోగిని ఆరోగ్యవంతుల్లో కలిపిన మహానుభావులెవరు?" అని అరిచాను. రక్తం తీసే ఆవిడ తలొంచుకుని, "అది మీదే మేడమ్" అంది.

శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఇన్నేళ్లూ ఊరందరి రక్తంలో వెతికిన జబ్బు నా ఒంట్లోనే ఉంది. ఇన్సులిన్ ఎంత ఊరినా ఒంటికి పట్టడం లేదు. షుగరు గుమ్మం దాకా వచ్చేసింది.

వంటింటి కప్పు కారడం ఆగిందా? అమ్మ కళ్లజోడు మార్పించు. పాప మెడ వెనక నల్లబడిందని, స్నానంలో పీచుతో తోముతున్నానని రాశావు. ఇక తోమకు. అది మురికి కాదు, ఈ జబ్బుకి ముందు కనిపించే గుర్తు కావచ్చు. వెంటనే డాక్టరుకి చూపించు.

నా సంగతి మాత్రం అమ్మకి చెప్పొద్దు. చిన్నప్పుడు మంట పుట్టేదాకా నా మెడ తోమింది ఆవిడే, కుమిలిపోతుంది.

బావగారికి నమస్కారాలు. పాపకి నా ముద్దు, మెడ మీదే పెట్టు.

నీ చెల్లెలు