చావీ అడిగిన మామగారు

22-9-96, ఆదివారం

ముచ్చటపడి కొనుక్కున్న చిన్న లేత్ మిషన్‌ని మొన్ననే వరండాలో బల్లకు బిగించాను. ఇవాళ క్యాంప్ 2 బస్తీలో ఉండే మామగారు చూడటానికి వచ్చారు. ప్లాంటులో లేత్ మీద టర్నరుగా పనిచేసి రిటైరైన మనిషి కదా, మెచ్చుకుంటారనుకున్నాను.

"ఏటల్లుడూ ఇది? పెన్సిళ్లు సెక్కుకోడానికా?" అన్నారు. నేను మొదటిసారి చేసిన ఇత్తడి బొంగరాన్ని పక్కింటివాళ్లకు చూపించి మరీ నవ్వారు. ఆయన కూతురూ నవ్వింది.

"లెగు, నాను సూపిస్తాను," అని నన్ను పక్కకు జరిపి, ఇంకో ఇత్తడి ముక్కను లేత్ దవడల్లో, అంటే చక్‌లో పెట్టి, దాని తాళంచెవి చావీతో బిగించారు. తలెత్తకుండానే "చావీ?" అని కేకేశారు. ప్లాంటు మిషన్ షాపులో హెల్పర్‌ని అడిగే అలవాటు. చావీ చక్‌లోనే ఉండిపోతే వాడు "రుకో", ఆగమని అరవాలి. అరవలేదంటే తీసేసినట్టే. ఈ సంగతి నా పెళ్లైన కొత్తలో ఆయనే గొప్పగా చెప్పారు.

చావీ చక్‌లోనే ఉంది. నాకు కనబడుతూనే ఉంది. నోరు మెదపలేదు.

స్విచ్ వేయగానే అది ఎగిరి ఆయన నుదురు చీల్చింది.

ఆయన "చావీ?" అన్న కేక వంటింట్లో ఉన్న మా ఆవిడ విందో లేదో తెలియడం లేదు. అన్నం వడ్డించేటప్పుడు నా వైపు చూడలేదు...

కుట్లు వేయించుకొచ్చాక మామగారు మెల్లగా, "చావీ అని అడగడం మర్సిపోనాను గావాల అల్లుడూ. మరుపొచ్చీసింది," అన్నారు.

"అవును మావయ్యా, అడగలేదు," అన్నాను.

నమ్మేశారు.