వీపు తిప్పి నిలబడినవాళ్ళు

గుడియాత్తం,
ఏప్రిల్ 14

ప్రియమైన అమ్మకు,

ఉద్యోగం వచ్చిందని ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్పేశాను. ఉత్తరమైతే నెమ్మదిగా చెప్పుకోవచ్చు. నువ్వు నేర్పిన తెలుగు రాత మరిచిపోకూడదని ఉత్తరాలు రాయమన్నావు కదా, ఇదిగో మొదటిది. బడిలో అరవం రాసిన చేతికి మన అక్షరాలు ఇంకా వంకరగానే వస్తున్నాయి. నవ్వకు.

నేను ప్రథమ చికిత్స చేసే మా నూట ఎనిమిది బండిని ఇక్కడి ఫైర్ స్టేషన్ ఆవరణలోనే నిలుపుతారు. వాళ్ళ ఎర్ర బండి పక్కన మా అంబులెన్సు. పిలుపు లేని వేళ నేను వెనక తలుపు తెరుచుకుని మెట్టు మీద కూర్చుంటాను. వీధి అవతల లుంగీలకు రంగు వేసిన నూలు ఆరేసి ఉంటుంది. నీలం, పచ్చ, ముదురు ఎరుపు. గాలి వీస్తే ఆ రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. మగ్గాల చప్పుడు వింటుంటే కళ్ళు మూతపడతాయి. ఇక్కడ ఉన్నానో, మన అంగట్లో కర్పూరం డబ్బాల మధ్య ఉన్నానో కాసేపు తెలియదు.

మా డ్రైవరు రంగరాజులు మామ మన తెలుగువాడే. ఫైర్ స్టేషన్‌లో పెద్దాయన అరుణాచలంగారు, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నేను వెళ్ళగానే కుర్చీ వేయిస్తారు. "పాప వచ్చినాది, టీ తెప్పించండిరా" అంటారు. ప్రమాదం జరిగిన చోట నేను ఏం చెబితే వాళ్ళు అది చేస్తారు. అన్నం వేళకు నన్ను పిలవకుండా తినరు.

దిగులు పెట్టుకోకు. వేళకు తిను.

నీ లోకేశ్వరి


వేలూరు,
మే 2

నా బంగారు లోకికి,

మధ్యాహ్నం అంగట్లో బేరాలు లేని వేళ నీ ఉత్తరం చదివాను. ఫ్యాన్ గాలికి కునుకు పట్టింది. కలలో ఆ ఫైరోళ్ళంతా నిన్ను పల్లకీలో కూర్చోబెట్టి కోట అగడ్త మీద నడిచి వస్తున్నారు. నీళ్ళ మీదే, ఒక్కరి కాలూ తడవకుండా. లేచాక నాకే నవ్వొచ్చింది. పసుపు కొనడానికి వచ్చినామె ఎందుకు నవ్వుతున్నానని అడిగితే, నా బిడ్డకు ఉద్యోగం వచ్చిందని చెప్పాను.

"మొదటి నెలలోనే అంత మర్యాద చేస్తా ఉండారా?" అన్నాడు మీ నాయన. ఆయన నోరు మూయించానులే. కానీ మన ఒప్పందం గుర్తుందా? ఆరు నెలలు. ఆలోగా నీ మాటకు అక్కడ విలువ లేదని తేలితే ఉద్యోగం వదిలేసి ఇంటికి రావాలి. ఒళ్ళు వంచి పని చేయడం మనకు కొత్త కాదు. పెళ్ళికి ముందు నేను ఆసుపత్రిలో ఆయాగా మూడేళ్ళు చేశాను. "ఏయ్, ఇటు రా" అన్నవాళ్ళే గాని, పంకజం అని పిలిచినవాళ్ళు ఒక్కరు లేరు. ఆ బతుకు నీకు వద్దు. అందుకే అంత గట్టిగా చెబుతున్నాను.

అరుణాచలంగారిని ఒకసారి చూసి దండం పెట్టాలని ఉంది.

నీ మంచే కోరే
అమ్మ


గుడియాత్తం,
సెప్టెంబర్ 20

ప్రియమైన అమ్మా,

నెల రోజులుగా ఉత్తరం లేదని కోప్పడ్డావు. రాయడానికి అబద్ధాలు అయిపోయాయి.

ఇక్కడ నాకు ఎవరూ కుర్చీ వేయలేదు. టీ కూడా నేనూ రంగరాజులు మామా బయటికి వెళ్ళి తాగి వస్తాం. మెట్టు మీద కూర్చుని కన్న పగటి కలలన్నీ నీకు రాశాను. రాస్తున్నంతసేపు అవన్నీ నిజంగా జరిగినట్టే ఉండేది. అందుకే ఆపలేకపోయాను. మొదటి రెండు నెలలు వాళ్ళు నన్ను పిలిచిందల్లా "యమ్మా, కొంచం పక్కకు పో" అని.

జూన్‌లో పేర్నాంబట్టు రోడ్డు పక్కన ఒక రైతు నీళ్ళు లేని బావిలో పడ్డాడు. ఫైర్ వాళ్ళు దిగి, ఆయన చంకల కింద తాడు కట్టి పైకి లాగబోతున్నారు. ఆయన కాళ్ళు కదలడం లేదని పైనుంచే నాకు తెలిసింది. వెన్నెముక దెబ్బతింటే అలా వేలాడదీయకూడదు, పలకకు కట్టి పడుకున్నవాణ్ణి పడుకున్నట్టే లేపాలి. ఊరి జనమంతా చూస్తుండగా అరుణాచలంగారి మీద అరిచాను. "తాడు వదలండి, నేను చెప్పేదాకా ఆయన్ను ఎవరూ తాకొద్దండి" అన్నాను. ఆయన ముఖం నల్లబడింది. మా బండిలోని పలకను బావిలోకి దించారు. ఆయన్ను పైకి తేవడానికి అరగంట పట్టింది. ఆ రోజు నుంచి స్టేషన్‌లో నాతో ఎవరూ మాట్లాడరు. పక్కకు పొమ్మని కూడా అనరు.

మొన్న మంగళవారం ఇంకా ఘోరం. కడుతున్న మిద్దె మీద నుంచి ఒక మేస్త్రీ పడ్డాడు. ఫైర్ బండి ఆ పక్కనే ఉండి ముందే వెళ్ళింది. మేము రైల్వే గేటు దగ్గర చిక్కుకుని పన్నెండు నిమిషాలు ఆలస్యమయ్యాం. జనాన్ని తోసుకుని వెళ్ళి చూస్తే ఆయన నేల మీద పడినవాడు పడినట్టే ఉన్నాడు, మూలుగుతున్నాడు. ఫైర్ వాళ్ళు ఆరుగురూ చుట్టూ ఉన్నారు. ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ఆయనకు వీపు తిప్పి నిలబడ్డారు. ఒక్కరూ ఆయన్ను తాకలేదు. నన్ను చూసి పక్కకు జరిగారు, ఒక్క మాట లేదు. "తాకొద్దన్నావు కదా, నువ్వే చూసుకో" అన్నట్టు. ఆయనకు ఏమన్నా అయితే నింద నాదే కావాలని అనుకున్నారేమో.

మేస్త్రీ బతికాడు. కానీ నా మీది కోపాన్ని కింద పడిన మనిషి మీద చూపించే చోట నేను ఉండలేనమ్మా. రాజీనామా రాసి పెట్టాను. సోమవారం ఇచ్చేస్తాను. నువ్వు గెలిచావు.

లోకి


వేలూరు,
సెప్టెంబర్ 25

నా తల్లీ లోకేశ్వరీ,

నీ ఉత్తరం నాకు సోమవారం పొద్దున అందింది. వెంటనే ఫోన్ చేశాను. రాజీనామా రెండు రోజులు ఆపు, ఎందుకని అడగొద్దు అన్నాను. ఎందుకో ఇప్పుడు చెబుతున్నాను. నిన్న అంగడి మీ నాయనకు అప్పజెప్పి బస్సెక్కి గుడియాత్తం వచ్చాను. మీ బండి పిలుపు మీద వెళ్ళి ఉంది.

అరుణాచలం ఎవరని అడిగాను. నెరిసిన మీసాలాయన లేచి వచ్చాడు. నేను నమస్కారం కూడా పెట్టలేదు. "నేను లోకేశ్వరి తల్లిని. నా బిడ్డ ఒక మాట అన్నాదని ఆ మేస్త్రీని తాకకుండా నిలబడుకున్నారంట, మీకు మనసెట్ల వచ్చింది?" అన్నాను. సామ్యుల్ అనే ఫైర్ కుర్రవాడు నీళ్ళ గొట్టం చుడుతూ ఆగిపోయాడు.

ఆయన కుర్చీ లాగి వేశాడు. నన్ను కూర్చోమన్నాడు.

"ఆ బావిలో పడిన రైతును చూసేదానికి నేను మీ వేలూరు ఆసుపత్రికి వచ్చినానమ్మా. కట్టె పట్టుకోని నడస్తా ఉండాడు. తాడు కట్టి లాగినుంటే ఈ కాళ్ళు ఉండవని డాక్టరు చెప్పినాడు. ఇరవై ఆరేళ్ళుగా అందరినీ అట్లే లాగినాను నేను. వాళ్ళల్లో ఎంతమంది మళ్ళీ లేచి నడిచినారో నాకు తెలీదు. ఆ పొద్దు నుంచి పాప ముఖం చూడాలంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను మాట్లాడకపోతే వీళ్ళూ మాట్లాడలేదు."

"మరి మంగళవారం?" అన్నాను.

సామ్యుల్ చెప్పాడు. "జనం ఆయన్ని ఆటోలో యేసుకోని పోదామని మీద పడినారు అక్కా. ఒకడు సోడా తెచ్చి తాపబోయినాడు. అందుకే చేతులు పట్టుకోని చుట్టూ నిలబడుకున్నాము. చేతకానోళ్ళని, చూస్తా ఉండేదానికి వచ్చినారని తిట్టినారు. సారు చొక్కా పట్టుకోని లాగినారు. పాప వచ్చేదాకా ఎవురినీ తాకనిచ్చేది లేదని సారు చెప్పినాడు."

లోకీ, వాళ్ళు వీపు తిప్పింది ఆ మేస్త్రీకి కాదు, నీకూ కాదు. వాళ్ళు జనం వైపు తిరిగి నిలబడ్డారు. నీ మాట కోసం ఆరుగురు మగవాళ్ళు పన్నెండు నిమిషాలు ఊరి చేత తిట్లు తిన్నారు. నా మాట కోసం ఎవరైనా ఒక్క నిమిషం ఆగిన రోజు నా బతుకులో లేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆ సామ్యుల్ ఏం చేయాలో తెలియక నీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టి వెళ్ళాడు.

నువ్వు వచ్చేదాకా ఉండలేదు. నన్ను చూస్తే నువ్వూ ఏడుస్తావు. వాళ్ళ ముందు నా బిడ్డ ఏడవకూడదని వచ్చేశాను. అబద్ధాలు రాసినందుకు నీ మీద కోపం ఉంది, అది ముఖాముఖి తేల్చుకుందాం.

వచ్చేటప్పుడు అరుణాచలంగారు గేటు దాకా వచ్చి అడిగారు. "పాప వెళ్ళిపోతా ఉండాదని రంగరాజులు చెప్పినాడు. నిజమేనామ్మా?" నేను లేదని చెప్పాను. నిన్ను అడగకుండానే చెప్పాను.

ఆ కాగితం చించెయ్. ఆదివారం సెలవు పెట్టి ఇంటికి రా. కడుపు నిండా అన్నం తిని సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్ళిపో. అక్కడ నీ కోసం కాచుకుని ఉంటారు.

ముద్దులతో,
మీ అమ్మ పంకజం