గోల్ఫ్ కోర్సు వెనక గేటు

మార్చి 4
ఇవాళ వెనక గేటు తెరిపించాను. తాళం తుప్పు పట్టిపోయి రంపంతో కోయాల్సి వచ్చింది. ఈ గోల్ఫ్ కోర్సు మునిసిపాలిటీది, అంటే ఊరందరిదీ. కానీ గోడకవతల కాలనీవాళ్ళు ఈ గడ్డిని మేడ మీదనుంచి చూడాల్సిందే. మేనేజర్‌గా చేరినప్పటినుంచీ అది నాకు కంట్లో నలుసులా ఉంది. ఇకనుంచి రోజూ పొద్దున ఆట మొదలయ్యేదాకా, ఆట లేని సోమవారమైతే రోజంతా, ఎవరైనా లోపలికొచ్చి నడవొచ్చు. కమిషనర్ సరేనన్నాడు. ఆ మాట కాగితం మీద పెట్టమంటే నవ్వాడు.

మార్చి 5
ముగ్గురొచ్చారు. అందులో ఒకాయన దారి తప్పి వచ్చాడు.

మార్చి 11
అత్తయ్యను తీసుకెళ్ళాను. తుంటి ఆపరేషన్ అయినప్పటినుంచి ఆవిడ గది దాటడం లేదు. డాక్టర్ నడవమంటాడు, ఆవిడ రేపంటుంది. మా ఆయన బతిమాలి, నేను విసుక్కుని, ఇద్దరం ఓడిపోయాం. ఇవాళ మాత్రం గడ్డి మీద కాసేపు నిలబడి, నా చెయ్యి వదిలించుకుని కదిలింది. కాలనీలో బట్టలు కుట్టే టైలరమ్మ పక్కన చేరింది. ఆ చెట్టు నుంచి ఈ చెట్టుకు వచ్చేలోపు ఒకరి మోకాళ్ళ చరిత్ర ఇంకొకరికి అప్పజెప్పేసుకున్నారు. నేను వెనక నడుస్తున్నానన్న సంగతే మరిచిపోయారు. ఎంత సంతోషమేసిందో.

మార్చి 29
తల ప్రాణం తోకకొచ్చింది. అత్తయ్య గుంపు ఇప్పుడు బాగా పెరిగింది. వాచ్‌మన్ వాళ్ళకు బెటాలియన్ అని పేరు పెట్టాడు. కబుర్లలో పడి ఆట టైముకు కూడా బయటికి వెళ్ళలేదు. గడ్డిలో బంతులు కనబడితే ఎవరో పారేసుకున్నారనుకున్నారట. అన్నీ ఏరి, కుళాయి కింద కడిగి, సంచీలో వేసి ఆఫీసుకు తెచ్చి ఇచ్చారు. పైగా పుణ్యం కట్టుకున్న మొహాలు.

వెనకే గోల్ఫ్ కర్ర పట్టుకుని డెంటిస్టు గారు. రోజూ ఆడే మనిషి, ముక్కు మీదే కోపం. అత్తయ్య ఆయన బంతి ఆయన చేతిలో పెట్టి, ఎక్కడపడితే అక్కడ వదిలేస్తే ఎలా బాబూ, జాగ్రత్తగా పెట్టుకోవద్దూ అని మందలించింది. నేను టేబుల్ కిందకి వంగి పెన్ను వెతుక్కున్నాను. పెన్ను చేతిలోనే ఉంది.

ఏప్రిల్ 7
డెంటిస్టు గారు కంప్లయింట్ ఇస్తారనుకున్నాను. ఇవాళ సోమవారం, కర్ర లేకుండా వచ్చి బెటాలియన్‌తో నడిచారు. అత్తయ్య నడుస్తూనే నోరు తెరిచి దవడపన్ను చూపిస్తోంది. ఆయన నడుస్తూనే చూస్తున్నారు.

జూన్ 10
కమిషనర్ ఇద్దరు అతిథులను తెచ్చాడు. పార్కుల గురించి తెలిసినవాళ్ళు, అంతా చూపించమన్నాడు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని తిప్పాను. ఎంతమంది వస్తారు, ఎంతసేపు ఉంటారు, కూర్చోడానికి కాఫీ షాపు పెడితే వస్తారా అని అడిగారు. అడగనివి కూడా చెప్పాను. ఈ స్థలం మీద ఇంత ఆసక్తి చూపించినవాళ్ళు ఇన్నాళ్ళకు దొరికారని పొంగిపోయాను.

జూలై 1, మధ్యాహ్నం
ఆ ఇద్దరూ కంపెనీవాళ్ళు. కోర్సు లీజుకు తీసుకున్నారు. ఆగస్టు నుంచి వెనక గేటు మూత. నడవాలంటే ముందు గేటులో నెలవారీ పాస్ కొనాలి. ఆ పాస్ రేటు చూసి మా అకౌంటెంటే ఈల వేశాడు. నిన్నటిదాకా ఎవరికీ పట్టని జాగా ఇది. జనం వస్తారని తెలిశాకే పట్టింది. తెలియజెప్పింది నేను.

జూలై 1, సాయంత్రం
కమిషనర్ ఫోన్. "అంతా మీ వల్లేనమ్మా. మీ పోస్టుకేం ఢోకా లేదు, సంతోషించండి" అన్నాడు. థాంక్స్ చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

జూలై 16
గేటు మూయొద్దని చెప్పులరిగేలా తిరుగుతున్నాం, నేనూ డెంటిస్టు గారూ. మొదటి ఆఫీసులో రెండో ఆఫీసుకు వెళ్ళమన్నారు. రెండో ఆఫీసులో పై అధికారి సెలవు. మూడో ఆఫీసులో కిటికీ గాలికి టపటపా కొట్టుకుంటోంది. గుమాస్తా, కాలనీ అంతా సంతకాలు పెట్టిన మా అర్జీని మడిచి ఆ సందులో దూర్చాడు. మా ఎదురుగానే. శబ్దం ఆగింది.

జూలై 24
అత్తయ్య అడిగింది. "నువ్వే కదే అక్కడ మేనేజరువి? వద్దని చెప్పలేవా?"


ఆగస్టు 1
కంపెనీ పంపిన కొత్త తాళం. వాచ్‌మన్‌కు ఇస్తే, ముందు గేటు దగ్గర పనుందని వెళ్ళిపోయాడు. నేనే వేశాను. బెటాలియన్ అటుపక్క నిలబడి చూసింది. టైలరమ్మ, ఎండలో నిలబడ్డావు, లోపలికెళ్ళమ్మా అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆగస్టు 12
కాలనీ నుంచి ఒక్కరూ పాస్ కొనలేదు. స్టాఫ్ కుటుంబాలకు ఫ్రీ అట. అత్తయ్య పేరున కార్డు తెచ్చి ఇచ్చాను. మెడలో వేసుకుని వెళ్ళింది, గార్డు సెల్యూట్ కూడా కొట్టాడట. పది నిమిషాలకే నా ఆఫీసుకొచ్చి కార్డు టేబుల్ మీద పెట్టేసింది. "అంత గడ్డిలో నేనొక్కదాన్నేనే" అంది. ఇంటికెళ్ళి గది తలుపు వేసుకుంది.

ఆగస్టు 20
అత్తయ్య ఇవాళ మళ్ళీ బయటికొచ్చింది. గోడకవతల, లారీలు తిరిగే రోడ్డు మీద, బెటాలియన్‌తో నడిచింది. నేను గోడకివతల, వాళ్ళ మాటల పక్కనే, చివరిదాకా నడిచాను. అత్తయ్య పడితే కనీసం వినబడుతుందని.