గంగలో వదిలిన మిరపకాయ బజ్జీ

జూన్ 20, శనివారం
కాశీ నుంచి విజయనగరం చేరాం. కాశీకి వెళితే కాయో పండో వదిలెయ్యాలి కదా! లోకమంతా కాకరకాయ వదిలి పుణ్యం కొట్టేస్తుంది. నేను మిరపకాయ బజ్జీ వదిలేశాను! గుండెకు స్టెంట్ వేశాక కూడా రోజూ ప్లేటు లాగించేవాణ్ణి. "మిరపకాయా కాయే" అని మా ఆవిడ అనూరాధ ఒప్పుకుంది. నాకు తోడుగా తను పనసపండు వదిలింది. తొనల కోసం పుట్టింటివాళ్లతో తగువుపడే మనిషి!

జూన్ 22, సోమవారం
నా గిన్నెల కొట్టుకి ఎదురుగానే ఈశ్వరి బజ్జీల బండి. అయితే ఏం? నూనె వాసన వచ్చినప్పుడల్లా శివనామం. సాయంత్రానికి గొంతు పోయింది. ఇంట్లో ఉడికించిన శనగలు. గుర్రాల మీద గౌరవం పెరిగింది.

జూన్ 24, బుధవారం
వాన. బండి చుట్టూ గొడుగులు. ఈశ్వరి కేకేసింది.
"ఏటి షావుకారు గోరూ, ఇటేపు సూడ్డమే మానీసినారు!"
కాశీ సంగతి చెప్పాను.
"వదిలింది కాయే కదేటి? టమాటా బజ్జీ తినండి. అది పండు!"
ఎంత శాస్త్రజ్ఞానం! ఒక్కటే తిన్నాను. లోపల ఉల్లిపాయ, పైన నిమ్మరసం. ఇచ్చిన మాటకు రవ్వంత భంగం లేదు.

జూన్ 27, శనివారం
అరటికాయ బజ్జీ. వంకాయ బజ్జీ. (కాయలే, కానీ వేరే కాయలు.) పునుగులు. అందులో అసలు కాయే లేదు, పరమ పవిత్రం! తర్వాత బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకున్నాను. ఆరోగ్యం ముఖ్యం.

జూన్ 30, మంగళవారం
పెద్ద సందేహం. నేను బజ్జీ వదిలింది తెలుగులో. కాశీలో ఉండే గంగమ్మకు తెలుగు వచ్చా? అర్థం కాని కాగితం మీద సంతకం చెల్లుతుందా? షావుకారుని, ఆ మాత్రం తెలియదా!
మిరపకాయ బజ్జీ, రెండు ప్లేట్లు. ఆహా! కళ్లలో నీళ్లు. కారానికే.

జూలై 2, గురువారం
కోటబొమ్మాళి నుంచి బావమరిది ధనరాజ్ పనసపండు తెచ్చాడు. ఇల్లంతా ఘుమఘుమ. అనూరాధే చేతులకు నూనె రాసుకుని తొనలు వలిచి అందరికీ పెట్టింది.
"ఒక్క తొన తినీ అక్కా, ఎవుడు సూస్తాడు?" అన్నాడు వాడు.
"వద్దురా. నేను మాట తప్పితే మీ బావ గుండెకి ఏటైనా అవుతాదేమోనని భయం."
చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. నా చేతిలోని తొన పళ్లెంలో పెట్టేశాను. సిగ్గేసింది.

జూలై 3, శుక్రవారం
అంతా చెప్పేశాను. గంగమ్మకు తెలుగు రాదన్న పాయింటుతో సహా.
"గంగమ్మకి రాదేమో. పక్కన నిల్సున్న నాకొచ్చు కదేటి?" అంది.
తిట్టి ఉంటే బాగుండేది.
కాశీ నుంచి తెచ్చిన గంగ చెంబు ముందు కూర్చోబెట్టి మళ్లీ మొదటి నుంచీ చెప్పించింది. మిరపకాయ, టమాటా, అరటికాయ, వంకాయ, పునుగు, పేరుపేరునా, తెలుగులో. ఈ డైరీలో కూడా రాయని పకోడీని ఆవిడ మరిచిపోతే నేనే గుర్తు చేశాను. నా నిజాయితీకి నాకే ముచ్చటేసింది.
ఇది రాస్తుంటే గుర్తొచ్చింది, మరమరాలతో కలిపే మురీ మిక్చర్ కూడా తిన్నాను, అది ఇద్దరం మరిచిపోయాం! ఆవిడ గుడికి వెళ్లింది. రాగానే చెప్పేస్తాను. ముందు ఆవిడ వస్తుందో, మురీ మిక్చర్ బండి వస్తుందో.