మేకలకు అనుమతి లేదు

1964 జూన్ 3
మళ్ళీ కమిటీ. మళ్ళీ జీవోల కుప్ప. సభ చట్టం చేసి లేచిపోతుంది, ఆపైన మంత్రులు రాసుకునే రూల్సన్నీ మా తొమ్మిదిమంది ఎమ్మెల్యేల ముందుకొస్తాయి — చదివేది ముగ్గురం. ఈరోజు అడవిలో మేత రూల్సు. గొర్రెలకు అనుమతి, మేకలకు లేదు. మేకలు మొక్కల్ని కొరుకుతాయి, నిజమే కదా... అభ్యంతరం లేదని సంతకం పెట్టాను.

జూన్ 9, తిరుమలగిరి
మల్లమ్మక్క ఇల్లు. జొన్నరొట్టె తింటూ ఆ రూలు సంగతి గొప్పగా చెప్పాను. అక్క చెయ్యి ఆగిపోయింది.
"మేకలు లేకుంటె మంద కదుల్తదా తమ్మీ? ముంగట మేక దిగితెనే గొర్రె వాగుల దిగుతది. తల్లి సచ్చిన పిల్లకు పాలెవరియ్యాలె, నీ మంత్రా?"
చదవేస్తే ఉన్న మతి పోయింది నాకు. బాపు మంద వెంట తిరిగి పెరిగినవాణ్ణి! మృగశిర వచ్చినా చినుకు లేదు. ఊళ్ళో గడ్డి లేదు. అక్క జీవాలకు నందికొండ దిక్కు అడవే ఆధారం.

జూన్ 11, హైదరాబాద్
మొదటి బస్సుకే వచ్చేశాను. సంతకం పెట్టినవాడు మాట మార్చవచ్చా? సిగ్గు విడిచి కమిటీ గుమాస్తా ఖాదర్ సాబ్‌ను అడిగాను. పాలమూరు మనిషి.
"ఫికర్ చెయ్యకుండ్రి సాబ్. రిపోర్టు ఇంక సభకు పోలే. అసలు చట్టం జర సూడుండ్రి."
తనే తీసి ఇచ్చాడు. సభ మంత్రికిచ్చిన అధికారం రెండింటికే — మేత రుసుము, మేత నెలలు. ఏ జీవం రావాలో, ఏది రాకూడదో తేల్చే అధికారం ఎవరూ ఇవ్వలేదు! ఆయన చేతులు పట్టుకున్నాను. చాయ్ కూడా ఆయనే తాగించాడు.

జూన్ 15
కమిటీలో తప్పు నాదేనని ముందే ఒప్పుకొని మొదలుపెట్టాను. అటవీశాఖ అధికారి, "చిన్న మార్పే కదండీ, అడవి మంచికే" అన్నాడు. కావచ్చు. ఆ మాటే మంత్రిగారిని సభకు వచ్చి అడగమనండి అన్నాను. అధ్యక్షులవారు ఒకటే మాట: "ఇవ్వని అధికారం వాడుకున్నారు. అలాగే రాయండి." ఎదుటి పార్టీ మనిషి ఆయన. దండం పెట్టాలనిపించింది.

జూన్ 16
హాయిగా ఉంది. ఎంతమంది మంచివాళ్ళు!

జూన్ 24
రిపోర్టు సభ ముందు పెట్టారు. రద్దు మా చేతిలో లేదు. మంత్రిగారు "పరిశీలిస్తున్నారు"...

జూలై 2
అక్క నుంచి కార్డు, బడిపంతులు చేత రాయించింది. అడవి అంచున మందను ఆపేశారట. గార్డు ఇంకా ఆ రూలే చూపిస్తున్నాడట. మూడు గొర్రెపిల్లలు చచ్చిపోయాయి. చివర —
"మాకోసం ఆడ ఒకడు నోరు తెరిసిండు. గదే చాలు తమ్మీ."
చాలదక్కా. రేపు పొద్దున్నే మంత్రిగారి ఇంటికి పోతున్నాను.