నాన్న ఫోటో మీద అమ్మ బొట్టు

ఆదివారం, బీరంగూడ

పాత పొగబండ్ల ఫోటోలు సేకరించి భద్రపరిచే లత ఇవాళ మా ఇంటికి వచ్చింది. బొగ్గు ఇంజనులో ఫైర్‌మన్‌గా నాన్న నిలబడిన ఫోటో మా దగ్గర ఒక్కటే ఉంది. అద్దం పగిలినప్పటి నుంచి పూజగదిలో అద్దం లేకుండానే ఉంది. స్కాన్ చేస్తే పార, బొగ్గు, ఇంజను నంబరు కూడా కనిపించాయి. నాన్న ముఖమే సగం లేదు. రోజూ అమ్మ తడివేలితో పెట్టే బొట్టుకు కాగితం పైపొర లేచిపోయింది.

"ఇంకో ఏడాది గిట్లనే పెడితే మొత్తం పోతది అన్నా. కవర్ల పెట్టి దాయాలె. అమ్మకు మీరే చెప్పుండ్రి," అంది లత.

మైకులో ప్రవచనాలు చెబుతూ కాలనీనంతా గద్దించే నేను గ్రంథం పట్టుకుని అమ్మ ముందు కూర్చున్నాను. దేహం మీద మోహం కూడదనే శ్లోకం తీశాను. చదవకుండానే మూసేశాను. చివరికి ఫోటోకు బొట్టు పెట్టొద్దని నసుగుతూ మామూలు మాటల్లోనే చెప్పాను.

"మైకుల గంత ఒర్రుతవు, గీ ముచ్చటకు గింత నసుగుడేందిరా?" అని నవ్వింది. "మరి పొద్దుగాల్ల బొట్టు పెట్టకుంటె మీ నాయిన ఊకుంటడా?"

కుంకుమ వేలు ఫోటో దాకా తెచ్చింది. కాసేపు అట్లాగే ఆగి, ఆ బొట్టు నా నుదుట పెట్టింది.

"ఆయన ముఖం నీకే వచ్చింది. ఇగ రోజూ పొద్దుగాల్ల నువ్వే వచ్చి ముంగట కూసో."

రేపు పొద్దున్నే హత్నూరలో ప్రవచనం. ఆలస్యంగా వస్తానని వాళ్లకు చెప్పాలి.