మా కొళాయి కింద గుంత

2003 ఏప్రిల్, బుధవారం

కొళాయి పన్ను నెలకు ఇరవై రూపాయల నుంచి ముప్పై చేస్తామని ఈ రోజు గ్రామసభలో సర్పంచి చెప్పాడు. ఎదురు చెప్పాలనే పోయాను. చదువు తక్కువైనా నాకు నోరు పెద్దది. "ఏమప్పా, బోరులో నీళ్లు తగ్గితే పన్ను పెరుగుతాదా?" అని అడిగాను. అందరూ నవ్వారు. నాకు బాగానే అనిపించింది.

అప్పుడు మిట్ట వీధి సుంకమ్మ లేచింది. "పెద్దాయనా, మా ఇంటికాడ కొళాయి ఉండాది, చుక్క రాదు. కింది వీధిలో మీరంతా కొళాయిల కింద గుంతలు తవ్వి, పైపు కిందికి దించి నీళ్లన్నీ లాగేస్తాండారు. అవి పూడ్చండి, ముప్పై కాదు నలభై ఇస్తాం" అంది.

అందరికంటే లోతైన గుంత మాదే. నడుము లోతు, నేనే తవ్వాను. తల దించుకుని కూర్చోవడం నాకు చేతకాదు. "నా గుంత ఈ పొద్దే పూడుస్తా. అందరూ పూడిస్తేనే పన్ను పెంచుకో" అన్నాను. సర్పంచి సరే అన్నాడు. జనం చేతులెత్తారు.

సాయంత్రం పైపు పైకెత్తించి గుంత పూడ్చేశాను. "మామా, ఇంక బిందె నిండేసరికి పొద్దు గుంకుతాది" అని కోడలు గొణిగింది. నిజమే. మిగతావాళ్లు పూడ్చకపోతే సుంకమ్మకూ నీళ్లు రావు, మాకూ రావు. చేతులెత్తడం సులువు.

అందుకే పార ఇంట్లో పెట్టకుండా పక్కింటి నారాయణ గుమ్మానికి ఆనించి వచ్చాను. వాడు చూసి, "ఏమన్నా, నీకింత తొందరా!" అని విసుక్కున్నాడు.

ఇది రాస్తుంటే పక్కన మట్టి పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.